పాస్టరుగారు మారిన ఏడాది

మా సంఘంలో ఈ ఏడాది అన్నీ ఒకేసారి మారాయి. ఎంతోకాలం మమ్మల్ని నడిపించిన పాస్టరుగారు పదవీ విరమణ చేశారు. కొత్తవారు వచ్చారు, ఆరాధన సమయమూ మారింది. కొందరికి నచ్చలేదు, ఆ మాట పైకే అన్నారు. అదే మంచిదనిపించింది నాకు. ఇంట్లోనైనా అలిగి మాట్లాడేవారి గురించి కాదు, మాట్లాడకుండా దూరమయ్యేవారి గురించే కదా భయపడతాం.

బైబిలులోని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఎఫెసు సంఘపు పెద్దలు, తమను విడిచి వెళ్తున్న అపొస్తలుడు పౌలు మెడమీద పడి ఏడుస్తారు. వీడ్కోలు రోజున మేమూ అలాగే ఏడ్చాం. నాకు మరీ ఇష్టమైనది 6వ అధ్యాయం. తొలి సంఘంలో రోజువారీ ఆహార పంపకంలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, ఆ సంఘాన్ని నడిపించే అపొస్తలులు వారి నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచుకొమ్మని చెప్పి, ఆ పని వారికి అప్పగించారు.

మా దగ్గర కొత్త సమయానికి రాలేని వృద్ధులను యువకులు వంతులవారీగా తీసుకొస్తున్నారు. మార్పును అందరికంటే గట్టిగా వ్యతిరేకించిన ఒక పెద్దావిడ, కొత్త పాస్టరమ్మగారి ప్రసవమప్పుడు రాత్రంతా ఆసుపత్రిలో కన్నతల్లిలా కూర్చున్నారు. వచ్చే ఆదివారం ఆ బిడ్డను దేవునికి అంకితం చేసే ప్రతిష్ఠ ప్రార్థన. బిడ్డను ఎత్తుకొని ముందుకు తీసుకువెళ్లేది ఆవిడే!