షిఫ్టర్, డీరైలర్ ఒకే గూటివి కావాలి
సైకిల్ మీద కొండపల్లి ఖిల్లా ఘాట్ ఎక్కుతుంటే మధ్య గేర్లలో చైన్ టకటకమంటోందా? కేబుల్ బిగించే ముందు షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), డీరైలర్ (వెనక చైన్‌ని గేరు నుంచి గేరుకు జరిపేది) మీద కంపెనీ పేర్లు చూడండి. 10 స్పీడ్‌లో (వెనక పది గేర్లు) షిమానో కంపెనీ మౌంటెన్ బైక్ షిఫ్టర్ ఒక్కో క్లిక్కుకు సుమారు 3.4 మి.మీ. కేబుల్ లాగుతుంది, స్రామ్ కంపెనీది 3.1. షిమానో షిఫ్టర్‌కి స్రామ్ డీరైలర్ తగిలిస్తే మొదటి ఒకటి రెండు గేర్లు కుదిరినట్టే ఉంటాయి. నాలుగో క్లిక్కుకల్లా చైన్ పక్క పళ్ల మీదికి పాకుతుంది. బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిచేసే మర) ఎంత తిప్పినా ఒక గేరు బాగుపడితే ఇంకోటి చెడుతుంది, బెజవాడ ఎండలో నిలబడటమే మిగులుతుంది.

క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), చైన్ మాత్రం 10 స్పీడ్‌వైతే ఈ రెండు కంపెనీల్లో ఎవరివైనా నడుస్తాయి. 12 స్పీడ్‌లో గొడవంతా ఫ్రీహబ్‌తో (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం): 10 పళ్లతో మొదలయ్యే షిమానో క్యాసెట్‌కి మైక్రో స్ప్లైన్ రకం, స్రామ్‌కి ఎక్స్‌డీ రకం కావాలి. 11 పళ్లతో మొదలయ్యే స్రామ్ ఎన్ఎక్స్ ఈగిల్ క్యాసెట్ అయితే పాత హెచ్‌జీ రకం ఫ్రీహబ్‌కే ఎక్కుతుంది.