ముందు స్పీకర్, తర్వాతే ట్యూబ్

ట్యూబ్ యాంప్లిఫైయర్ కొందామనుకున్న మిత్రులు నన్ను మొదట అడిగేది ఇదే: ట్యూబుల్లో 300బి రకం మంచిదా, ఈఎల్34 మంచిదా, కేటీ88 మంచిదా? నేను మాత్రం వాళ్ల స్పీకర్ల సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కి ఎంత గట్టిగా మోగుతాయో, అది అడుగుతాను. చాలామంది మాన్యువల్ వెతుక్కోవాల్సి వస్తుంది.

1930లలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తెచ్చిన 300బి పేరు వింటే చాలు, కొందరికి కళ్లు మెరుస్తాయి. కానీ దాన్ని సింగిల్ ఎండెడ్‌గా, అంటే చానల్‌కి ఒకే పవర్ ట్యూబ్‌గా వాడితే చానల్‌కి వచ్చేది సుమారు 8 వాట్లే. 86 డెసిబెల్స్ స్పీకర్‌కి ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 వస్తుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు కావాలి. అంటే 8 వాట్లూ ఊడ్చిపెట్టినా 95 దగ్గర ఆగిపోతుంది. మనం కూర్చునేది ఇంకా దూరంగా. వయొలిన్, గొంతు మెల్లగా వినేవాళ్లకి సరిపోవచ్చు గానీ, డ్రమ్స్ గట్టిగా పడ్డప్పుడు శబ్దం నలిగిపోతుంది. అదే యాంప్‌కి 95 డెసిబెల్స్ స్పీకర్ తగిలిస్తే కథే వేరు.

నా స్పీకర్లు 90 డెసిబెల్స్‌వి. గది చిన్నది. అందుకే ఈఎల్84 పుష్-పుల్ (రెండు ట్యూబులు పని పంచుకునే పద్ధతి) తీసుకున్నాను, చానల్‌కి 12 వాట్లు. పెద్ద హాలైతే ఈఎల్34 పుష్-పుల్ వైపు వెళ్లేవాణ్ణి, 35 వాట్ల దాకా వస్తుంది.

రెండో ముఖ్యమైనది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబుల సిగ్నల్‌ని స్పీకర్‌కి సరిపోయేలా మార్చేది. ట్యూబులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, దీన్ని మార్చడం అంత తేలిక కాదు. బేస్ ఎంత కిందికి దిగుతుందో చాలావరకు ఇదే తేలుస్తుంది. సింగిల్ ఎండెడ్‌లో డీసీ కరెంట్ కూడా దీని గుండానే పోతుంది కాబట్టి కోర్‌లో (లోపలి ఇనుప దిమ్మలో) గ్యాప్ పెట్టాలి, కోర్ పెద్దది కావాలి. ఎక్కువ వాట్లు రాసుకున్న యాంప్ ఒంటిచేత్తో లేచిపోతే నాకు అనుమానమే.

ట్యూబ్ సౌండ్ వెచ్చగా ఉంటుందంటారు. అందులో కొంత సెకండ్ హార్మోనిక్ డిస్టార్షన్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో యాంప్ కలిపే అదనపు శబ్దం. కొంత యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (స్పీకర్‌కి కరెంట్ ఇచ్చేచోట యాంప్ లోపలి అడ్డంకి) ఎక్కువ కావడం వల్ల స్పీకర్ టోన్ మారడం. అయితేనేం, నాకిష్టం. కాకపోతే ఆ యాంప్‌ని మీ స్పీకర్లతోనే విని తీరాలి, షోరూమ్ స్పీకర్లతో విన్నది లెక్కలోకి రాదు.

బయాస్ (పాట లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంట్ పారాలో తేల్చే అమరిక) విషయంలో టెన్షన్ వద్దనుకుంటే, తనంతట తానే సర్దుకునే కాథోడ్ బయాస్ ఉన్నది చూసుకోండి. ఫిక్స్‌డ్ బయాస్ అయితే ట్యూబులు మార్చినప్పుడల్లా సెట్ చేయాలి. లోపల 300 వోల్టులు దాటి ఉంటాయి, స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ మిగలొచ్చు. తెలియకుండా మూత తీయొద్దు. స్పీకర్ తగిలించకుండా పాట పెట్టొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

వేడి సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఈఎల్34లో ట్యూబ్‌ని వేడిచేసే తీగ, హీటర్ ఒక్కటే 9 వాట్లకు పైగా తింటుంది. నాలుగుంటే పాట మొదలవకముందే దాదాపు 38 వాట్లు. నావి ఈఎల్84లే అయినా, ఎండాకాలం మధ్యాహ్నాలు నేను ట్రాన్సిస్టర్ యాంప్‌తోనే సరిపెట్టుకుంటాను.