దాబా ముందు సిమెంటు ఎద్దు పగలకుండా నిలవాలంటే

కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన దాబా పెట్టి, ముందు పదిహేనడుగుల ఎద్దును కట్టించాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది అది నిలబడాలా, పడుకోవాలా అని. లేపాక్షి బసవన్నను చూడండి: 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి, పడుకునే ఉన్నాడు. పడుకున్న ఎద్దు బరువు నేలంతా పరుచుకుంటుంది. నిలబడ్డ ఎద్దుకు అంతా నాలుగు కాళ్ల మీదే. నన్నడిగితే పడుకోబెట్టమనే అంటాను.

నిలబెట్టే తీరాలంటే పునాది దగ్గర పిసినారితనం వద్దు. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. కాలికొక గుంత తీసి కాంక్రీటు పోస్తే ఒక కాలు లేస్తుంది, ఇంకోటి దిగుతుంది, భుజం దగ్గర బీట కొడుతుంది. అందుకే రేగడి తీసేసి గ్రావెల్ దిమ్మిస చేసి, నాలుగు కాళ్లకూ కలిపి ఒకే రాఫ్ట్, అంటే కాంక్రీటు పలక, వేయాలి. ఒక్కో కాల్లో 12 ఎం.ఎం. కంబీలు నాలుగు, ఆరంగుళాలకొక రింగు, లోపల కాంక్రీటు. ఆ కంబీలు పునాదిలోంచి మొదలై వెన్ను దాకా తెగకుండా పోవాలి.

లోపల బోలుగా ఉండే ఒంటికి 8, 6 ఎం.ఎం. కంబీలతో ఆరంగుళాల గళ్లు అల్లి, దానిపైన జింకు పూత ఉన్న కోళ్ల మెష్ (సన్న తీగ వల) మూడు నాలుగు పొరలు బిగించి కట్టాలి. మెష్ వదులుగా ఉంటే గార వెనక్కి జారిపోతుంది. మేస్త్రీలు ఒక పొర వేసి, గార మందంగా కొట్టేస్తారు. అది పూర్తిగా తప్పు. పగుళ్లను ఆపేది మెష్, సిమెంటు కాదు. మందం మూడు సెంటీమీటర్లు చాలు. అంత మందానికే చదరపు మీటరు సుమారు 70 కిలోలు తూగుతుంది. నలభై చదరపు మీటర్ల ఒంటికి దాదాపు మూడు టన్నులు, వృథాతో కలిపి 18 నుంచి 20 బస్తాల సిమెంటు.

గారలో ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లు ఇసుక. ఇసుక సన్న జల్లెడ పట్టాలి. బస్తాకు 20 నుంచి 22 లీటర్ల నీళ్లు మించొద్దు, పలచనైతే ఆరాక వెంట్రుక పగుళ్లు వస్తాయి. ఉప్పగా తగిలే బోరు నీళ్లు అసలు వద్దు, లోపలి మెష్ తుప్పు పడుతుంది. కలిపిన గంటలోపు వాడేయాలి. లోపల ఒకరు చేత్తో అదిమి పట్టుకుంటే బయట ఇంకొకరు నొక్కుతూ వేయాలి, గాలి బుడగ మిగలకూడదు.

మా వైపు బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా క్యూరింగు దగ్గరే, అంటే సిమెంటు గట్టిపడేదాకా తడిగా ఉంచడం దగ్గర. అనంతపురం ఎండకు, ఆ పొడి గాలికి, పైపూత మధ్యాహ్నానికే తెల్లబడుతుంది. పొద్దున్నే పని మొదలుపెట్టి ఎండెక్కే లోపు ఆపాలి. గోనెపట్టలు కప్పి, పైన టార్పాలిన్ కట్టి, కనీసం పద్నాలుగు రోజులు తడి ఆరకుండా చూడాలి. పూటకోసారి బకెట్టుతో చల్లడం క్యూరింగు కాదు. వేసవి కాకుండా నవంబరు, డిసెంబరులో కట్టించుకుంటే సగం కష్టం తప్పుతుంది.

రంగు 28 రోజులు దాటాకే. ఎనామిల్ వద్దు, పచ్చి సిమెంటులోని క్షారానికి పొరలుగా లేచిపోతుంది. ప్రైమరు కొట్టి, బయటి గోడలకు వాడే ఎమల్షన్ రెండు పూతలు వేయాలి.

పొట్ట కింద రెండు రంధ్రాలు వదలాలి, లోపల చేరిన తేమ పోవడానికి. కొమ్ములు, తోక మాత్రం బోలుగా వద్దు. పిల్లలు వాటికే వేలాడతారు. కొమ్ము కంబీని తలలోంచి మెడ కంబీ దాకా తీసుకెళ్లి వెల్డింగ్ చేయించండి.