భీమిలి మొగలోకి దూరే తెరచాప పడవ కోసం: నా అనుభవం

నిన్న సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఇరవై ఆరు అడుగుల తెరచాప పడవ, అడుగున ఒకటి కాదు, రెండు కీల్స్. కీల్ అంటే గాలికి పడవ ఒరిగిపోకుండా, పక్కకి జారకుండా అడుగున ఉండే బరువైన రెక్క. రెండుంటే నీళ్ళు తీసినా పడవ వాటి మీదే నిటారుగా కూర్చుంటుంది. విశాఖలో ఇలాంటి పడవ వెతికేవాళ్ళకి పనికొస్తుందని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

నాకు ఏం కావాలో ముందునుంచీ తెలుసు. భీమిలి దగ్గర గోస్తనీ మొగలోకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, వెళ్ళాలి. తీరం వెంట కాకినాడ దాకా పోయి, హోప్ ఐలాండ్ లోపలి వైపు, కోరింగ మడ అడవుల దగ్గర లంగరు వేసుకుని పడుకోవాలి. కాకినాడ మనకి సుమారు 70 నాటికల్ మైళ్ళు. ఐదు నాట్ల వేగంతో, అంటే గంటకి ఐదు నాటికల్ మైళ్ళు పోతే పద్నాలుగు గంటలు. అంతసేపు సముద్రాన్ని తట్టుకున్న పడవే చివర్లో మొలలోతు నీళ్ళలోకి వెళ్ళాలి. మన దగ్గర అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్ల తేడా మీటరున్నర దాకా ఉంటుంది. పోటు మీద లోపలికి వెళ్ళిన పడవ ఆరు గంటల తర్వాత ఇసుక మీద ఉండొచ్చు.

అందుకే ఒకే లోతైన కీల్ ఉన్న పడవల్ని మొదటే వదిలేశాను. అవి ఎదురుగాలికి చక్కగా నడుస్తాయి కానీ మీటరున్నర నుంచి రెండు మీటర్ల నీళ్ళు కావాలి, నీళ్ళు తీస్తే పక్కకి ఒరిగిపోతాయి. రెండు పొట్టల కాటమరాన్ ఇసుక మీద బాగా కూర్చుంటుంది, ధరా వెడల్పూ నా వల్ల కాదు. ఇక మిగిలినవి పైకి ఎత్తే కీల్ పడవ, జంట కీల్ పడవ.

ఎత్తే కీల్ పడవ ఊళ్ళోనే ఒకాయన దగ్గర అమ్మకానికి ఉంది. కీల్ ఎత్తితే 60 సెంటీమీటర్ల నీళ్ళు చాలని కాగితంలో ఉంది. కొలిచి చూస్తానన్నాను. అక్కడ ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు బేరానికి వచ్చి ఉన్నారు, నా పక్కన మా అల్లుడు ఉన్నాడు. అందరి ముందూ ఆయన నవ్వి, "అంకుల్, గెడ వేసి లోతు చూడ్డానికి ఇది చేపల పడవ కాదు. కొనే స్తోమత ఉన్నవాళ్ళు తెరచాపలు చూస్తారు, లోపల బెడ్లు చూస్తారు" అన్నాడు. కుర్రాళ్ళు కూడా నవ్వారు. మా అల్లుడు తల దించుకున్నాడు. నా వయసుకి ఆ మాట పడాల్సిన అవసరం లేదు.

నేను షిప్‌యార్డులో ప్లేట్ల పని చేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద అంకె ఒకటి, ఇనుము మీద అంకె ఇంకొకటి కావడం నా కళ్ళతో చూశాను. చొక్కా విప్పి, టేపు పట్టుకుని నీళ్ళలోకి దిగాను. కీల్ నిజంగానే 60 దగ్గరే ఉంది. కానీ చుక్కాని? అది పైకి లేచేది కాదు, దాని అడుగు 95 దగ్గర ఉంది! నీళ్ళు తీస్తే పడవ ముందుగా ఆనేది చుక్కాని మీదే. ఒక అల వచ్చి వెనక భాగాన్ని ఎత్తి వేస్తే చుక్కాని విరిగి, నడిసముద్రంలో దిక్కు లేకుండా పోతాం. పైకొచ్చి అడిగితే, "కాగితంలో కీల్ లోతే రాస్తారు అంకుల్" అన్నాడు. అంటే తెలిసే దాచాడు. కొత్తగా కొనే పిల్లల ప్రాణాలతో ఇలా బేరం చేసేవాడికి సముద్రం పక్కన బతికే అర్హత లేదు.

బరువు సంగతి కూడా ఏ అమ్మేవాడూ చెప్పడు. ఈ సైజు పడవ సుమారు 120 కిలోలకి ఒక సెంటీమీటరు దిగుతుంది. నలుగురు మనుషులు, 200 లీటర్ల మంచినీళ్ళు, లంగరు గొలుసు, సరుకులు కలిస్తే ఐదారు సెంటీమీటర్లు ఎక్కడికీ పోవు. ఖాళీ పడవ లోతు నమ్మకండి.

భీమిలిలో ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన చెప్పింది ఏ సర్వేయరూ చెప్పలేదు: "బాబూ, మొగ ఏడాదికో తీరు. నిరుడు లోతున్న కాడ ఈ యేడు ఇసక దిబ్బుంటాది. పడవ ఇసక మీద కూకుంటే మళ్ళీ లెగాల, అంతే సూసుకో." ఎత్తే కీల్ గూట్లో ఇసుక ఇరుక్కుంటే అది మళ్ళీ కిందికి దిగదని కూడా ఆయనే అన్నాడు.

జంట కీల్ పడవ నేవీలో చేసి రిటైరైన ఒకాయనది. అడగకముందే టేపు చేతికిచ్చారు. లోతు 80 సెంటీమీటర్లు. చుక్కాని కీల్స్ కన్నా పైనే ఆగిపోయింది. ఎదురుగాలికి కాస్త నెమ్మది. ఇసుకలో ఇరుక్కుంటే పడవని ఒరగదీసి తప్పించుకోవడం కుదరదు, ఒరిగితే ఒక కీల్ ఇంకా లోతుకి దిగుతుంది. పోటు వచ్చేదాకా ఆగాల్సిందే. నాకు ఫర్వాలేదు.

సర్వే, ఇన్సూరెన్స్ మాటలు అరపూటలో తేలిపోయాయి. వచ్చే అమావాస్యకి పడవని ఇసుక మీద కూర్చోబెట్టి, పోటుకి దానంతట అది తేలాకే మిగతా డబ్బు ఇస్తానన్నాను. ఆయన ఒప్పుకుని, ఆ షరతుని తన చేతి రాతతోనే అగ్రిమెంటులో చేర్చారు.