మడమ వెనక నొప్పి: రెస్ట్‌తో తగ్గింది, పరుగు మొదలుపెట్టగానే మళ్లీ వచ్చింది

పొద్దున మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు మడమ వెనక, పిక్క కిందికొచ్చి సన్నబడే చోట, గట్టిగా పట్టేసినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్తాం. పాలు కాగేలోపు సర్దుకుంటుంది, పనికి బయల్దేరేసరికి ఆ సంగతే గుర్తుండదు. కొన్ని వారాలుగా ఇలా జరుగుతున్నవాళ్లు ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. అటూఇటూ తిరిగితే పోతుంది కదా అనిపించే ఈ నొప్పే తర్వాత నెలల తరబడి వదలకుండా ఉంటుంది. అరికాలి వైపు, మడమ అడుగున వచ్చే నొప్పి వేరు. ఇది మడమ వెనక, పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటి అకిలిస్ టెండన్‌ది.

నాకు నలభై దాటాయి. తిరుపతి దగ్గర హైస్కూల్లో టీచర్ని, రోజంతా నిలబడే ఉద్యోగం. పొద్దున్నే యూనివర్సిటీ వైపు నడక, వారంలో కొన్ని రోజులు నెమ్మదిగా పరుగు, వీలైనప్పుడల్లా కొండకి నడిచి వెళ్లడం, ఇవన్నీ ఏళ్లుగా ఉన్న అలవాట్లే. పోయిన ఏడాది స్నేహితురాళ్లం కలిసి 10 కిలోమీటర్ల పరుగుకి పేర్లిచ్చాం, దానికోసం దూరం పెంచుకుంటూ పోయాం. అదే నెలలో బెంగళూరు నుంచి చుట్టాలొస్తే వాళ్లతో శ్రీవారి మెట్టు ఎక్కాను, తర్వాత మొక్కు ఉండి అలిపిరి నుంచి ఎక్కాను. రెండుసార్లూ చెప్పుల్లేకుండానే.

పిక్కకి ఈ రెండు దారులూ ఒకటి కాదని ఇప్పుడు తెలిసింది. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వదు కానీ ఆ తర్వాత చాలాదూరం చదునుగా నడుస్తాం, కాలికి విరామం దొరుకుతుంది. శ్రీవారి మెట్టు 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అందులోనే 2388 మెట్లు, అంటే దాదాపు ఆగకుండా ఎక్కడమే. జనంలో గబగబా ఎక్కేటప్పుడు సగం పాదమే మెట్టు మీద పడుతుంది, మడమ గాల్లో వేలాడుతుంది, ప్రతి అడుగుకీ ఒంటి బరువంతా ఆ టెండన్ మీదే. పైగా రోజూ షూ వేసుకునేవాళ్లకి మడమ కింద కొంచెం ఎత్తు అలవాటై ఉంటుంది. ఉత్త కాళ్లతో ఎక్కితే ఆ ఎత్తు పోయి టెండన్ ఇంకా సాగుతుంది. పరుగు, మెట్లు, ఉత్త కాళ్లు, మూడూ ఒకే నెలలో పడ్డాయి.

మొదట చూపించుకున్న డాక్టర్ గారు ఎక్స్‌రే తీయించి, ఎముక బాగానే ఉందని నొప్పి మాత్రలు రాసి, మూడు వారాలు రెస్ట్ అన్నారు. నొప్పి పోయింది. పరుగు మొదలుపెట్టగానే వచ్చింది. మళ్లీ రెస్ట్, మళ్లీ పోయింది, స్కూల్లో స్పోర్ట్స్ డే పనుల్లో మళ్లీ వచ్చింది. ప్రతిసారీ కిందటిసారి కంటే తక్కువ పనికే రావడంతో నాకు భయం వేసింది. ఈలోపు ఇంట్లో తలా ఒక వైద్యం. అత్తమ్మ రోజూ రాత్రి వేడినీళ్లలో కల్లుప్పు వేసి బకెట్ నా ముందు పెట్టేది, హాయిగానే ఉండేది. మా మేనమామ మాత్రం పట్టు వదల్లేదు. “ఏంది అమ్మణ్ణీ, పుత్తూరు ఎంత దూరమని? పొయ్యి కట్టు కట్టించుకో, నా చెయ్యి విరిగితే అట్నే కదా అతుక్కునింది” అనేవాడు. ఆయన చెయ్యి బాగైన మాట నిజమే. అయితే విరిగిన ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. టెండన్‌ని నెలల తరబడి కదలకుండా ఉంచితే ఇంకా బలహీనపడుతుంది. నాకు ఈ తేడా వివరంగా చెప్పింది తర్వాత కలిసిన ఫిజియోథెరపిస్ట్ మేడమ్.

ఆవిడ ముందు నన్ను బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా పెట్టి, పిక్కని గట్టిగా నొక్కి చూశారు. నొక్కినప్పుడు పాదం కిందికి కదిలితే టెండన్ తెగలేదన్నమాట. తర్వాత బొటనవేలు, చూపుడువేలుతో మడమ ఎముక దగ్గర్నుంచి పైకి కొద్దికొద్దిగా నొక్కుకుంటూ వచ్చారు. ఎముక దగ్గర ఏమీ లేదు, మూడు వేళ్ల ఎత్తుకి రాగానే నా ప్రాణం పోయినట్టయింది. అక్కడ రెండో కాలితో పోలిస్తే లావుగా, ఉబ్బుగా తగిలింది. ఎముకకి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన వచ్చే ఈ రకమే ఎక్కువట. ఆ తర్వాత గోడకి వేలు ఆనించి ఒంటికాలి మీద మునివేళ్లపైకి లేవమన్నారు. మంచి కాలి మీద ఇరవై దాకా సులువుగా లేచాను. నొప్పి కాలి మీద ఏడెనిమిదికే పిక్క వణికిపోయింది. నొప్పి కంటే ఆ వణుకే నన్ను ఎక్కువ కలవరపెట్టింది, ఎందుకంటే ఇన్ని నెలలు ఆ కాలు ఎంత బలం పోగొట్టుకుందో నాకు తెలియనే లేదు.

కొన్ని ప్రశ్నలు నేను ఊహించనివి అడిగారు. షుగర్ ఉందా, కొలెస్ట్రాల్ చూపించుకున్నారా, ఈమధ్య సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడారా అని. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మనకి ఎంతో మామూలుగా రాసే ఈ మందులు కొందరిలో టెండన్‌ని దెబ్బతీస్తాయి, తెగిపోవడం కూడా జరగొచ్చు. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2008లోనే వీటిమీద గట్టి హెచ్చరిక పెట్టించింది. నేను వాడలేదు. మీరు వాడుతూ ఉంటే, అప్పుడే మడమ వెనక నొప్పి మొదలైతే, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి కూడా ఆవిడనే అడిగాను, మా మరిదికి భుజంలో వేస్తే రెండ్రోజుల్లో తగ్గిందని ఇంట్లో ఒకటే పోరు. అకిలిస్ టెండన్‌లోకి అది వేస్తే నొప్పి తగ్గినా టెండన్ తెగే ప్రమాదం ఉందని, ఆ ఆలోచనే పెట్టుకోవద్దని చెప్పారు.

లోపల జరిగేదేంటంటే, టెండన్ అనేది కొబ్బరి పీచు తాడులా ఒకే వైపు పేనిన పోగుల కట్ట. కోలుకునే టైమ్ ఇవ్వకుండా బరువు పెంచుతూ పోతే ఆ పోగుల వరస చెదిరి, టెండన్ లావెక్కి, గట్టిదనం తగ్గిపోతుంది. ఈ లావు దెబ్బ తగిలితే వచ్చే వాపు లాంటిది కాదు, ఇందులో అలాంటి వాపు పాత్ర తక్కువ కాబట్టి వాపు మాత్రలు నొప్పిని కాసేపు అణచగలవేమో కానీ చెదిరిన పోగుల్ని సరిచేయలేవు. పోగులు మళ్లీ గట్టిపడాలంటే వాటికి బరువు కావాలి, కొలతగా, నెమ్మదిగా పెరిగే బరువు. రెస్ట్‌లో నొప్పి ఉండదు, బలం కూడా రాదు.

దీనికి స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టర్ దారి చూపించాడు. ఆయనకే ఈ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమంటే పై డాక్టర్ ఒప్పుకోలేదని, తెగిపోతే అయినా చేస్తారు కదా అని కాలి మీద బరువు పెంచుకుంటూ పోతే తెగడానికి బదులు నొప్పే తగ్గిందని చెబుతారు. 1998లో ఆయన బృందం 15 మందితో ఈ వ్యాయామం చేయించి ఫలితాలు ప్రచురించింది. మెట్టు అంచు మీద ముందుపాదంతో నిలబడి, మంచి కాలి సాయంతో పైకి లేచి, నొప్పి కాలి మీద మడమని నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడు సార్లు, మోకాలు కాస్త వంచి మరో మూడు సార్లు, పొద్దున సాయంత్రం, 12 వారాలు. అంటే రోజుకి 180. ఆ 15 మందీ మళ్లీ పరుగులోకి వచ్చారు.

ఉద్యోగం, వంట ఉన్న మనిషికి రోజూ 180 కుదరదని మేడమ్‌కి తెలుసు. అందుకని మొదటి రెండు వారాలు మునివేళ్ల మీద లేచి 45 సెకన్లు అలాగే నిలబడి ఉండటం, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు గ్యాప్, అంతే. తర్వాత రోజు మార్చి రోజు, బరువుతో: మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. డాబా మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని చేసేదాన్ని. మా అబ్బాయి పాత స్కూల్ బ్యాగులో 5 కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టి వీపుకి తగిలించుకుని, కొన్ని వారాలకి దాన్ని 10 కిలోలు చేశాను. 2015లో డెన్మార్క్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ పద్ధతినీ, ఇలా బరువుతో నెమ్మదిగా చేసే పద్ధతినీ పోల్చి చూస్తే రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి, కాబట్టి మీకు ఏది కుదిరితే అది చేయొచ్చు. మోకాలు వంచి చేసేది మాత్రం మానకండి. పిక్కలో లోపలి కండరం సోలియస్, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే, దానికి ఎక్కువ పని పడేది అలా చేసినప్పుడే.

వ్యాయామంలో నొప్పి వస్తే ఆపేయాలా అన్నది నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్. పదికి ఎంత అని వేసుకోమన్నారు. ఐదు దాకా వచ్చినా పర్లేదు, మర్నాడు పొద్దుటికి మామూలుకి రావాలి. మర్నాడు మంచం దిగినప్పుడు బిగుతు ముందురోజు కంటే పెరిగిందా, ఆ రోజు బరువు తగ్గించు. పెరగలేదా, కొనసాగించు. 2007లో స్వీడన్‌లోనే ఈ లెక్క పాటిస్తూ పరుగు, ఆటలు కొనసాగించినవాళ్లు, మొదట్లో వాటిని మానేసినవాళ్లంత బాగానే కోలుకున్నారని తేలింది. ఈ లెక్క తెలిశాక నాకు కాలంటే భయం పోయింది. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ చూడటానికి గంటలకొద్దీ గ్యాలరీలో కూర్చుని, జనంలో నిలబడి, మర్నాడు మడమ బిగుసుకుపోయింది. అంతకుముందైతే మళ్లీ మొదటికొచ్చిందని మంచమెక్కేదాన్ని. ఈసారి రెండు రోజులు బరువు లేకుండా చేసి, మూడో రోజు మళ్లీ బియ్యం బ్యాగు తగిలించుకున్నాను.

ఇంట్లో మార్చినవి చిన్నవే. గ్రానైట్ గచ్చు మీద ఉత్త కాళ్లతో వంట చేయడం ఆపి, మడమ కాస్త ఎత్తుగా ఉన్న మెత్తటి చెప్పులు ఇంట్లోకి కొన్నాను. పల్చటి హవాయి చెప్పులు పక్కన పెట్టేశాను. మొదటి రెండు నెలలు షూలో మడమ కింద చిన్న ప్యాడ్ పెట్టుకున్నాను, రెండు కాళ్లకీ, ఒక్కదానికే పెడితే నడక వంకర అవుతుంది. నొప్పి తగ్గేకొద్దీ అది తీసేశాను.

మూడు నెలలకి పొద్దుటి బిగుతు చాలావరకు పోయింది, పరుగుకి మాత్రం ఇంకా టైమ్ పట్టింది. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టి, మధ్యలో తప్పకుండా ఒక రోజు ఖాళీ. గట్టిగా వాడిన తర్వాత టెండన్ తనని తాను సరిచేసుకోవడానికి దాదాపు ఒకటిన్నర రోజు తీసుకుంటుంది కాబట్టి వరసగా రెండు రోజులు పరుగెత్తడం ఇప్పటికీ నాకు లేదు.

కొండ సంగతి వేరే. చెప్పులతో మెట్లెక్కడం నాకు మనసొప్పదు. అందుకని కాలినే దానికి తయారుచేసుకోవాలనుకున్నాను. సాయంత్రాలు డాబా మీద ఉత్త కాళ్లతో ఐదు నిమిషాలు, తర్వాత పది, ఇరవై. ఆ తర్వాత అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కి వెనక్కి దిగి, మర్నాటి పొద్దున చూసుకున్నాను. బిగుతు లేదు. పూర్తిగా ఎక్కిన రోజు ప్రతి మెట్టు మీదా పాదం మొత్తం, మడమతో సహా ఆనించి, కొంచెం పక్కకి తిరిగి నెమ్మదిగా ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర కూడా తొందరపడలేదు. కొండకి వెళ్లే వారంలో పరుగు తగ్గిస్తాను. దూరం, మెట్లు, వేగం, వీటిలో ఒక్కో నెల ఒక్కటే పెంచుతాను. పిక్క వ్యాయామం వారానికి రెండుసార్లు ఇప్పటికీ ఉంది, మానే ఉద్దేశం లేదు.

మా స్కూల్లో ఇంకో టీచర్‌కి కూడా మడమ వెనకే నొప్పి, నేను చేసినవే చేస్తానంటే ముందు వేలితో నొక్కి చూసుకోమన్నాను. ఆమెకి నొప్పి సరిగ్గా టెండన్ ఎముకకి అతుక్కునే చోట ఉంది. ఆ రకానికి మెట్టు అంచు మీద మడమ కిందికి దించకూడదు, పిక్కని బాగా సాగదీసే స్ట్రెచింగ్ కూడా వద్దు, టెండన్ ఎముకకి ఒత్తుకుని నొప్పి పెరుగుతుంది. చదును నేల మీదే నిలబడి లేచి దిగాలి, అంతకంటే కిందికి వెళ్లకూడదు. ఇంకోటి, ఆడేటప్పుడో పరుగెత్తేటప్పుడో వెనక నుంచి ఎవరో తన్నినట్టు, టప్‌మని శబ్దం వచ్చినట్టు అనిపించి మునివేళ్ల మీద లేవలేకపోతే వ్యాయామాలు, ఉప్పునీళ్లు ఏవీ వద్దు, టెండన్ తెగి ఉండొచ్చు, ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.