జిగ్గీ స్టార్‌డస్ట్ మళ్లీ విన్నాక

బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 1972 ఆల్బమ్ 'జిగ్గీ స్టార్‌డస్ట్' నిన్న రాత్రి మొదటి నుంచి చివరిదాకా మళ్లీ విన్నా. బాగుంది. నెత్తిన పెట్టుకుని ఊరేగేంత మాత్రం కాదు.

'ఫైవ్ ఇయర్స్' ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. ఒట్టి డ్రమ్స్‌తో నెమ్మదిగా మొదలై, లోకానికి ఇంక ఐదేళ్లే మిగిలాయన్న వార్త చెప్పి, చివరికి అరుపుల్లోకి వెళ్తుంది. 'మూనేజ్ డేడ్రీమ్' చివర్లో బోవీ బ్యాండ్‌లోని మిక్ రాన్సన్ గిటార్ గురించి చెప్పేదేముంది! నన్నడిగితే ఈ రికార్డుకొచ్చిన పేరులో సగం ఆయనదే. స్ట్రింగ్స్ అరేంజ్‌మెంట్‌లోనూ ఆయన చెయ్యుంది.

కానీ మధ్యలో 'ఇట్ ఏంట్ ఈజీ' ఎందుకో? రాన్ డేవీస్ పాట అది, బోవీ కల్పించిన రాక్‌స్టార్ జిగ్గీ కథతో సంబంధమే లేదు. అసలు కథెంత ఉందని? రాక్‌స్టార్ వచ్చాడు, వెలిగాడు, కూలాడు. మిగతాదంతా మనం అల్లుకున్నదే.

బోవీ ఎర్ర జుట్టు, రంగురంగుల బట్టలు, 'టాప్ ఆఫ్ ద పాప్స్' టీవీ షోలో రాన్సన్ భుజం మీద చెయ్యేసి 'స్టార్‌మ్యాన్' పాడటం... అప్పటి బ్రిటన్ పిల్లలకి ఇవన్నీ కలిపి దొరికాయి. నాకు హెడ్‌ఫోన్స్‌లో పాటలే దొరికాయి మరి.

నా ఓటు మాత్రం 1977లో వచ్చిన బోవీ 'లో' (Low) ఆల్బమ్‌కే. జిగ్గీ ఫ్యాన్స్ కామెంట్లలో తిట్టుకోవచ్చు, ఏమనుకోను.