మచ్చ మానింది, మెడికల్ మాత్రం ఫిట్ కాలేదు

టీబీ మందులు ఆరు నెలలూ విడవకుండా మింగాను. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, ఆ తర్వాత పైరజినమైడ్ అనే మందు తీసేసిన మూడు మందుల మాత్ర. బరువు 50 నుంచి 64 కిలోల మధ్య ఉంటే రోజుకి నాలుగు మాత్రలు, నాదీ అదే లెక్క. (కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్లు మందులు మొదలెట్టే ముందే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ మాత్రల్లో ఉండే ఇథాంబుటాల్ అనే మందు ఎక్కువగా బయటికి పోయేది కిడ్నీల గుండానే. అవి దెబ్బతిని ఉంటే మోతాదు మార్చాలి, లేకపోతే చూపు మీద పడుతుంది.) చివరికి కఫం నెగెటివ్ వచ్చింది, ఒళ్లు కోలుకుంది.

కొన్నేళ్లకి గల్ఫ్‌లో రిగ్గర్ పనికి (బరువులు కట్టి ఎత్తించే పని) వీసా కోసం మెడికల్‌కి, అంటే ఆరోగ్య పరీక్షకి వెళ్తే, ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో కుడివైపు పైన కాల్సిఫైడ్ గ్రాన్యులోమా (కాల్షియం పేరుకుని గట్టిపడిన పాత మచ్చ) ఉందని అన్‌ఫిట్ కొట్టారు.

టీబీ క్రిమి చుట్టూ రక్షణ కణాలు గోడ కట్టేస్తాయి. లోపల చచ్చిన కణజాలంలో మెల్లగా కాల్షియం పేరుకుంటుంది. ఫిల్ముని వెలుతురుకి ఎత్తి చూస్తే కందిగింజంత చుక్క, ఎముకంత తెల్లగా, అంచు గీసినట్టు కనిపిస్తుంది. చుక్క మొత్తం గట్టిపడినా, నడిమధ్యలో గట్టిపడినా, పొరలుపొరలుగా ఉన్నా అది మామూలుగా మానిన గాయమే. కాల్షియం ఒక పక్కకే ఉంటే, లేదా అక్కడక్కడ చల్లినట్టు ఉంటే సీటీ స్కాన్ తీయాల్సిందే. డై (రక్తనాళంలోకి ఎక్కించే, స్కాన్‌లో తెల్లగా కనిపించే మందు) ఎక్కించకుండా, పల్చటి స్లైసులతో తీయించాలి. డై వేస్తే కాల్షియమేదో, డై తెలుపేదో తేల్చుకోవడం కష్టం.

జబ్బు లేదని తేల్చేవి కఫం పరీక్ష, పాత ఫిల్ములు. పొద్దున్నే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన కఫం కావాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష దండగ. రెండేళ్ల కిందటి ఫిల్ముతో పోల్చినప్పుడు చుక్క పెరగకుండా ఉంటే అంతకన్నా గట్టి రుజువు అరుదు. మాంటూ పరీక్ష (చేతి చర్మంలోకి సూది వేసి పొంగుతుందేమో చూసేది) ఇక్కడ అక్కరకు రాదు, ఒకసారి టీబీ వచ్చినవాడికి జబ్బు తగ్గాక కూడా సాధారణంగా చెయ్యి పొంగుతూనే ఉంటుంది.

ఇంత రుజువు చూపించినా గల్ఫ్ దేశాల కొత్త వీసా మెడికల్‌లో పాత టీబీ మచ్చ కూడా అన్‌ఫిట్ కిందికే వస్తుంది. అది వాళ్ల నిబంధన. డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం దాన్ని మార్చదు. "మళ్లీ మందులు వాడితే మచ్చ పోతుంది" అనే మాట నమ్మొద్దు, కాల్షియం మందులకి కరగదు. "వేరే సెంటర్లో ఫిట్ చేయిస్తాం" అని డబ్బులడిగే ఏజెంటు మాట అంతకన్నా నమ్మొద్దు.

అన్ని దేశాలదీ ఇదే పద్ధతి కాదు. బ్రిటన్ ఆరు నెలలు దాటిన వీసాకి టీబీ పరీక్ష అడుగుతుంది. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫం కల్చర్ (కఫంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేస్తారు, ఫలితానికి రెండు నెలల దాకా పట్టొచ్చు. ఆస్ట్రేలియా, కెనడా పాత టీబీ ఉన్నవాళ్లని రానిచ్చి, వెళ్లాక అక్కడి వైద్యులకి చూపించుకోమనే షరతు పెట్టగలవు.

టెక్కలి, సోంపేట వైపు కుర్రాళ్లు చాలామంది ముందు ఏజెంటుకి అడ్వాన్స్ కట్టి, తర్వాత మెడికల్‌కి వెళ్తున్నారు. ఒక ఛాతీ ఎక్స్‌రే ఖర్చు ఆ అడ్వాన్సులో ఏ మూలకి? పైసా కట్టకముందే శ్రీకాకుళంలోనో పలాసలోనో తీయించి, ఛాతీ డాక్టరుకి చూపించండి. పాత ఫిల్ములు, టీబీ కార్డు, కఫం రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకోండి.